మిరియం డెప్యుటేషన్

ఊళ్ళో అనాథ పిల్లులు లేవన్న సంగతి పురపాలక సంఘానికి శరణాలయం కట్టాక తెలిసింది.

కట్టడం మాత్రం బాగానే కట్టారు. చుట్టూ ప్రహరీ, లోపల అరవై గదులు, గదికొక ఊయల, గేటు మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ. పిల్లి నవ్వగా ఊళ్ళో ఎవరూ చూడలేదు గాని, బొమ్మ వేసినవాడు తాను చూశానన్నాడు. పట్టణాలన్నీ 'కరుణాపురి' బిరుదు కోసం పోటీలు పడుతున్న రోజులవి. రెండు నెలల్లో పరిశీలక బృందం వస్తుందని కబురు. తీరా వెతికితే ప్రతి పిల్లికీ ఎవరో ఒకరున్నారు. చేపల మార్కెట్లో పిల్లుల్ని బుట్టకొకటి చొప్పున పంచేసుకున్నారు. బస్టాండు పిల్లి టీ కొట్టువాడిది. కోర్టు పిల్లి బంట్రోతుది. వారం తిరిగినా శరణాలయం గేటు లోపలికి ఒక్క తోక కూడా రాలేదు.

ఇంత కరుణ పెట్టుకుని పుచ్చుకునేవాళ్ళు లేకపోతే ఎలా? కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ఒక తీర్మానం చేసింది. "స్వగృహ ప్రాకారమునకు వెలుపల, యజమాని చేతికందు దూరములో లేకుండా సంచరించు ప్రతి మార్జాలమును అనాథగా పరిగణించవలెను." చేతికందు దూరమంటే డెబ్భై ఆరు సెంటీమీటర్లని కింద వివరణ కూడా ఇచ్చారు. ఆకలేసినప్పుడు తప్ప ఏ పిల్లీ ఏ యజమానికీ అంత దగ్గరలో నిలబడదని వాళ్ళకు తోచలేదో, తోచే అలా రాశారో తెలియదు. మర్నాటి నుంచి ఊళ్ళో పిల్లులన్నీ అనాథలు.

వాటిని పట్టి తేవడానికి వీధికొక పౌర రక్షకుణ్ణి వేశారు. రైసుమిల్లు వీధికి కోదండపాణి దొరికాడు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. కొలవడానికేమీ లేక ఎనిమిదేళ్ళుగా విసిగిపోయి ఉన్నాడు. ఎవరి చూరు నీళ్ళు ఎవరి గోడ మీద ఎన్ని అంగుళాల మేర పడుతున్నాయో చెప్పి కాలక్షేపం చేస్తుండేవాడు. అలాంటి వాడికి మునిసిపాలిటీ ఒక టోపీ, ఒక బ్యాడ్జీ, ఒక బోను, ఒక స్టీలు టేపు ఇచ్చింది. పిల్లికొక కృతజ్ఞతా పత్రం. పాతిక పత్రాలు పోగైతే పరిశీలక బృందం చేతుల మీదుగా శాలువా. ఆయన మొహంలో పదేళ్ళు తగ్గాయి.

పక్కిల్లు పేరిందేవిది. మునిసిపల్ ఆసుపత్రి ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. ఊళ్ళో సగం మంది మొదటి కేక ఆమె చేతుల్లోనే వేశారు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో తోడుండేది మిరియం ఒక్కటే. ఒళ్ళంతా నలుపు, ఎడమ చెవికి చిన్న గాటు, పదకొండేళ్ళ వయసు. మధ్యాహ్నం నాలుగింటికి గోడ దిగి, చేపలమ్మే కొండాలు బుట్ట తనిఖీ చేసి, ఆరింటికల్లా ఇంటికొచ్చి పేరిందేవి పాదాల మీద పడుకునేది. ఆ వెచ్చదనం లేకపోతే ఆమె మోకాళ్ళు ఆమె మాట వినేవి కావు. ఆ ఇంట్లో ఆమె ఏమడిగినా బదులు పలికే ప్రాణి కూడా అదే. బదులు ఎప్పుడూ 'మ్యావ్' ఒకటే అయినా, అడిగిన ప్రతిసారీ వచ్చేది.

ఒక మంగళవారం ఆరు దాటింది, ఏడైంది, మిరియం రాలేదు. పేరిందేవి పక్కింటికి వెళ్ళింది. కోదండపాణి స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు. పదమూడు పత్రాలు అప్పటికే పటాలు కట్టించి వరసగా వేలాడుతున్నాయి.

"అన్నయ్యగారూ, మా మిరియం ఇటేమైనా వచ్చిందాండి?"

"వచ్చిందండి చెల్లెమ్మగారూ. రక్షించేశాను."

"దేన్నించి?"

కోదండపాణి మేకు నోట్లోంచి తీసి కాసేపు ఆలోచించాడు. "అనాథత్వం నుంచండి."

"దానికి నేనున్నానుగా."

"ఉన్నారండి. ఎంత దూరంలో ఉన్నారు? మీరు అరుగు మీద బియ్యం ఏరుతున్నారు, అది మా గోడ మీదుంది. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. మీ కళ్ళ ముందే కొలిచాను కదా. ఏం కొలుస్తున్నారని మీరడిగారు కూడాను."

"గోడకి సున్నం వేయిస్తానన్నారు."

"సున్నం మాట వదిలెయ్యండి. కొలతలో తేడా లేదు కదా."

పేరిందేవికి ఒళ్ళు మండిపోయింది. "ఇరవై రెండేళ్ళ నుంచి పక్కపక్కన ఉంటున్నాం. మీ ఇంట్లో ఒక్క ఎలక లేదంటే అది ఎవరి పుణ్యం అనుకుంటున్నారు?"

"అవన్నీ వ్యక్తిగతాలండి," అని కోదండపాణి మళ్ళీ మేకు మీద సుత్తి వేశాడు. "నేను వ్యవస్థ గురించి మాట్లాడుతున్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమె శరణాలయానికి వెళ్ళింది. అక్కడి మార్జాల సంక్షేమాధికారి పేరు వేదాద్రి. నిన్నటి దాకా వీధి దీపాల విభాగంలో ఉండేవాడు. ఆయన హయాంలో వెలగని దీపాలన్నీ కాగితాల మీద వెలిగాయి గనక సమర్థుడని పేరొచ్చి ఇక్కడ వేశారు. బల్ల మీద 'కరుణ మా కర్తవ్యం' అన్న చెక్క ముక్క పెట్టుకుని కూర్చున్నాడు.

నలభై ఒకటో గదిలో మిరియం ఉంది. ఊయలెక్కకుండా ఒక మూల మొహం తిప్పుకుని కూర్చుంది. పేరిందేవి పిలవగానే ఊచల దగ్గరకు పరుగెత్తుకొచ్చి ఆమె వేళ్ళకు తల రాసుకుంది.

"చూశారా, నా పిల్లే."

"పిల్లులు ఎవరు పిలిచినా వస్తాయండి," అని వేదాద్రి తానూ పిలిచాడు. మిరియం వెనక్కి తిరిగి ఆయనకు తోక చూపించింది. "అది దాని స్వంత అభిప్రాయం, రికార్డుకెక్కదు. విషయమేమిటంటే, అనాథగా నమోదైన జీవికి యజమాని లేనట్టు భావించవలెను. లేని యజమాని వచ్చి తన పిల్లినిమ్మని అడగడానికి నిబంధనల్లో అవకాశం లేదు."

"లేనిదాన్నయితే మీతో మాట్లాడుతున్నదెవరు?"

"మీరు దరఖాస్తుదారుగా ఉండొచ్చు. యజమానిగా ఉండకూడదు. కొత్తగా దత్తత తీసుకుంటామని తొమ్మిదో నమూనాలో అర్జీ పెట్టుకోండి. పక్కింటివారి నిరభ్యంతర పత్రం జత చెయ్యాలి. త్వరగా తెస్తే మంచిది. పరిశీలక బృందం వచ్చి వెళ్ళిన మర్నాడే వీటన్నిటినీ ఏజెన్సీలో శాశ్వత పునరావాసానికి పంపేస్తాం."

"ఏజెన్సీలో ఏముంది?"

"కొండలున్నాయి," అన్నాడు వేదాద్రి. "మిగతా ఏర్పాట్లు పరిశీలనలో ఉన్నాయి."

పేరిందేవి ఆయన మొహం వంక పట్టి చూసింది. "నువ్వు సుభద్రమ్మగారి రెండోవాడివి కదూ. మీ అమ్మ పద్దెనిమిది గంటలు నొప్పులు పడింది. నువ్వు లోపలే కూర్చున్నావు. కాళ్ళు పట్టి లాగింది నేనే. ఆ రోజు నేను కూడా ఏదో ఒక నమూనా అడిగుండాల్సింది."

వేదాద్రి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తొమ్మిదో నమూనా తీసి ఆమె చేతికిచ్చాడు.

పక్కింటివారంటే ఒక పక్క కోదండపాణి, రెండో పక్క రైసుమిల్లు గోడ. గోడ సంతకం పెట్టదు. పేరిందేవి అభిమానం చంపుకుని మళ్ళీ కోదండపాణి గుమ్మమెక్కింది. అప్పటికి పటాలు పంతొమ్మిదయ్యాయి.

కాగితం చదివి ఆయన కళ్ళజోడు తీసేశాడు. "నా చేతులతో రక్షించిన జీవిని, అది అనాథ అయిన ఇంటికే మళ్ళీ పంపమంటారా? నా అంతరాత్మ ఒప్పుకోదండి."

"అంతరాత్మా, శాలువానా?"

"పిల్లి వెనక్కి పోతే పత్రం కూడా వెనక్కిచ్చెయ్యాలంట," అని ఆయన నిజం చెప్పేశాడు. "ఇంక ఆరే ఉన్నాయి చెల్లెమ్మగారూ. మీరే అర్థం చేసుకోవాలి."

పేరిందేవికి బాగా అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన్ని అన్నయ్యగారూ అనడం మానేసింది. రోజూ సాయంత్రం శరణాలయానికి నడిచి వెళ్ళి, ఊచల్లోంచి నాలుగు మెత్తళ్ళ చేపలు పడేసి, మోకాళ్ళు పట్టుకుని తిరిగొచ్చేది. క్యాలెండర్లో రోజుకొక గడి కొట్టేస్తూ, బృందం రావడానికి ఇంకెన్ని గడులున్నాయో లెక్కపెట్టుకునేది.

ఈలోగా ఎలకలకు విషయం తెలిసింది.

మొదట చేపల మార్కెట్లో తెలిసింది, ఆ తర్వాత బియ్యం కొట్లలో. మూడో వారానికి మునిసిపల్ ఆఫీసు రికార్డు గదికి చేరాయి. పాత ఫైళ్ళన్నీ మైదా జిగురుతో అతికించినవి గనక ఎలకలకు విందు. ఒక్క వారంలో పద్దెనిమిదేళ్ళ కుళాయి దరఖాస్తులు తినేశాయి. దానికెవరూ పెద్దగా బాధపడలేదు. ఆ తర్వాత కమిషనర్‌గారి సర్వీసు రిజిస్టరులో మూడు ప్రమోషన్లు తిన్నాయి. అప్పుడు పరిస్థితి ఆందోళనకరంగా ఉన్నదని తేలింది.

కమిషనర్‌గారు పిల్లుల్ని పంపమని శరణాలయానికి రాశారు. దత్తతకు తప్ప పిల్లుల్ని ఇచ్చు అధికారము తమకు లేదని వేదాద్రి బదులు రాశాడు. దత్తతకు పక్కింటివారి నిరభ్యంతర పత్రం కావాలి. మునిసిపల్ ఆఫీసు పక్కన పోలీసు స్టేషనుంది. వాళ్ళు మునిసిపాలిటీకి నిరభ్యంతరం ఇచ్చిన చరిత్ర లేదు. కాగితాలు అటూ ఇటూ తిరుగుతుంటే మధ్యలో ఎలకలు అవి కూడా తిన్నాయి. చివరికి ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో ఒక బుర్రగలవాడు దారి కనిపెట్టాడు. దత్తత ఎందుకు, డెప్యుటేషన్ ఉందిగా.

"శరణాలయమునందలి మార్జాలములలో సీనియారిటీ ప్రకారము అర్హురాలైన నలభై ఒకటవ నంబరు మార్జాలమును, రికార్డు పరిరక్షణ సహాయకురాలుగా, తదుపరి ఉత్తర్వుల వరకు డెప్యుటేషన్‌పై నియమించడమైనది. పనివేళలు ఉదయం పది నుండి సాయంత్రం ఐదు."

పదకొండేళ్ళ వయసుతో మిరియం అన్ని పిల్లులకన్నా సీనియరు మరి.

కబురు వినగానే పేరిందేవి ఆఫీసుకు పరుగెత్తింది. రికార్డు కీపరు ఇమ్మానుయేలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఆయన ముగ్గురు పిల్లలూ పేరిందేవి చేతి మీదుగా పుట్టినవాళ్ళే.

"మిరియం ఇక్కడుందా బాబూ?"

"ఆయ్, మేడంగారు సీట్లోనే ఉన్నారండి," అన్నాడు ఇమ్మానుయేలు.

మేడంగారు జనన మరణాల రిజిస్టర్ల మీద పడుకుని ఉంది. ఆ పొద్దుటి పని తాలూకు పదకొండు తోకలు ఒక పళ్ళెంలో తనిఖీ కోసం పెట్టి ఉన్నాయి. ఆ గదిలో అంత పని జరిగి చాలా ఏళ్ళయిందట.

"ఇంటికి తీసుకుపోనా?"

"డ్యూటీలో ఉండగా ఎలా పంపుతానండి? నా ఉద్యోగం పోద్ది. ఐదు కొట్టాక మాత్రం ఎవరెటెళ్తే నాకెందుకండి. డ్యూటీ అయ్యాక శరణాలయానికి తిరిగి పంపమని ఆర్డరులో ఎక్కడా రాయలేదండి."

పేరిందేవి బెంచీ మీద కూర్చుంది. ఐదు కొట్టింది. ఆఫీసంతా లేచి గేటు వైపు నడిచింది. మిరియం కూడా లేచి, ఒళ్ళు విరుచుకుని, గుమస్తాల కాళ్ళ సందుల్లోంచి రోడ్డు మీదకొచ్చి ఇంటి దారి పట్టింది. మూడు వీధులు ఎక్కడా తడుముకోకుండా నడిచింది. వెనక పేరిందేవి మోకాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. రైసుమిల్లు వీధి మొగలో కోదండపాణి బోనుతో కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయన పటాలు ఇరవై నాలుగు.

చేప ముక్క వాసనకు మిరియం బోనులోకి వెళ్ళింది. తలుపు పడింది. కోదండపాణి టేపు లాగాడు.

ఈసారి పేరిందేవి అరవలేదు, ఏడవలేదు. "ఎంతొచ్చిందండీ?" అనడిగింది.

"మూడు మీటర్ల పది."

"మళ్ళీ కొలవండి. తేడా రాకూడదు."

ఆయన సంబరంగా రెండోసారి కొలిచాడు. మూడు మీటర్ల పదే.

"టైమెంతయిందో కూడా వెయ్యండి. ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో రాసి కింద సంతకం పెట్టండి."

"అదే చెల్లెమ్మగారూ, మీరిలా సహకరిస్తే వ్యవస్థ ఎంత బాగుంటుందో చూడండి," అంటూ కోదండపాణి పేరు పూర్తిగా రాసి, కింద గీత కూడా గీశాడు.

మర్నాడు పదింటికి రికార్డు గదిలో సీటు ఖాళీ. పదకొండింటికి మెమో వెళ్ళింది. పన్నెండింటికి తెలిసిందేమిటంటే, విధి నిర్వహణ ముగించుకుని ఇంటికి వెళ్తున్న మునిసిపల్ సిబ్బందిని ఒక ప్రైవేటు వ్యక్తి మాంసం ఆశ చూపి బోనులో నిర్బంధించాడు. సాక్ష్యం కోసం వెతకాల్సిన పని లేకపోయింది. కొలతలు, సమయం, స్థలం, సంతకం, గీతతో సహా నిందితుడే ఇచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి మిరియాన్ని విడిపించి సీటుకు చేర్చి, కోదండపాణి టోపీ, బ్యాడ్జీ, టేపు జప్తు చేశారు. ఇరవై నాలుగు పటాలూ దించి రిక్షాలో వేశారు. ఆ గోడంతా మేకులే మిగిలాయి.

"అది ఉద్యోగస్తురాలని ఒక్క మాట చెప్పకూడదాండీ?" అన్నాడు కోదండపాణి ఏడుపు గొంతుతో.

"మీరు దూరం ఎంతని చూసుకున్నారు. ఉద్యోగం ఏంటని అడగలేదు కదండీ," అంది పేరిందేవి.

ఆ రాత్రి మిరియం ఆమె పాదాల మీద పడుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె హాయిగా నిద్రపోయింది. ఆమె అనుకున్నది అంతటితో అయిపోయిందని. ముప్పై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో చేసి కూడా అలా అనుకుంది.

వారం తర్వాత వేదాద్రి ఇద్దరు మనుషుల్ని, ఒక రేకు పలకను వెంటబెట్టుకుని వచ్చాడు. పలక మీద 'మునిసిపల్ సిబ్బంది నివాసము' అని రాసుంది. అడగకుండానే ఆమె వీధి తలుపుకు మేకులు కొట్టించాడు.

"ఏంటిది?"

"విచారణలో ఒక విషయం నిర్ధారణ అయినదండి. సదరు ఉద్యోగిని ప్రతిదినము విధుల అనంతరము ఈ గృహమునకే వచ్చుచున్నది. కనుక ఇది ఆమె క్వార్టర్సు. ఇందులో మీరు ఏ హోదాలో ఉంటున్నారు?"

"నా ఇల్లు నాయనా. మా ఆయన కట్టించాడు."

వేదాద్రి కాగితం పైనుంచి కిందికి చూశాడు. "కట్టించినవారికి కాలమ్ లేదండి. నివాసి, ఆశ్రితులు, రెండే ఉన్నాయి. నివాసి అభ్యంతరం లేదంటే మిమ్మల్ని ఆశ్రితుల కింద రాసుకుంటాను. లేదంటే ఏడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి." సిరా మెత్త మూత తీసి నేల మీద పెట్టాడు.

మిరియం వాకిట్లోంచి వచ్చింది. సిరా మెత్తను వాసన చూసింది. దాన్ని తొక్కి, కాగితం తొక్కి, వేదాద్రి తెల్ల ప్యాంటుకు పాదాలు తుడుచుకుని, పోయి పేరిందేవి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అభ్యంతరం లేదన్నట్టే," అని వేదాద్రి రాసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మా, మా అమ్మకు పురుడు పోశారు గనక చెబుతున్నాను. బయటికెళ్ళేటప్పుడు కాస్త జాగ్రత్త."

"దేనికి?"

జరిగిందేమిటంటే, మిరియం పనితనం చూసి ఆఫీసులన్నీ డెప్యుటేషన్లు అడిగాయి. ట్రెజరీ, తహసిల్దారు ఆఫీసు, రెండు కాలేజీలు, చివరికి ఆ పోలీసు స్టేషను కూడా. అరవై గదులూ ఖాళీ. పరిశీలక బృందం ఇంక తొమ్మిది రోజుల్లో వస్తుంది. ఊళ్ళో పట్టడానికి పిల్లి లేదు, పట్టినా అది ఉద్యోగి. కౌన్సిల్ మళ్ళీ అత్యవసరంగా కూర్చుని, పాత తీర్మానంలో 'మార్జాలము' అన్న మాట కొట్టేసి 'జీవి' అని చేర్చింది. ఆశ్రితులకు నివాసే యజమాని గనక, నివాసికి చేతికందు దూరం దాటి వీధిలో కనబడ్డ ఆశ్రితులంతా ఇక అనాథలే. అనుభవం ఉన్న రక్షకులు ఎక్కువమంది లేరు గనక కోదండపాణి టోపీ, టేపు ఆయనకు తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు తొమ్మిదిన్నరకు మిరియం ఆఫీసుకు బయలుదేరింది. పేరిందేవి తలుపు తాళం వేసి, మోకాలికి గుడ్డ చుట్టుకుని, వంగి దాని వెనకే అడుగులో అడుగు వేసింది. పదకొండేళ్ళుగా తన వెనక తిరిగిన పిల్లి. అది ఆగితే ఆగింది, నడిస్తే నడిచింది. గోడ పక్క నుంచి కోదండపాణి టేపు చాచుకుంటూ వచ్చాడు.

"డెబ్భై రెండు," అన్నాడు నిరాశగా. "ఇంకో నాలుగు సెంటీమీటర్లు, అంతే."

పేరిందేవి ఆగలేదు. ఆగితే మిరియం ముందుకు వెళ్ళిపోతుంది. "కొలుచుకోండి కోదండపాణిగారూ. ఈసారి రక్షించదలిస్తే మాత్రం ఇద్దరం పట్టే బోను తెచ్చుకోండి. విడివిడిగా మేం రాం," అంది.

ఆ సాయంత్రమే ఆయన పెద్ద బోను కావాలని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఏ అర్జీకీ లేని విధంగా దానికి మర్నాడే మంజూరొచ్చింది.